దీక్షా శిబిరంలో దద్దుర్లు

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ కథలో పిల్లకి చివరికి ఏమీ కాదు. ఇప్పుడు పెద్దదై ఉద్యోగం చేసుకుంటోంది. మొన్న ఫోన్లో నాతో అరగంట వాదించి, గెలిచి మరీ పెట్టేసింది. కాబట్టి మధ్యలో మీకు నవ్వొస్తే మొహమాటపడకండి. ఆ రోజు నాకు మాత్రం నవ్వడానికి తీరిక దొరకలేదు.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పిల్లల ఆసుపత్రిలో డైటీషియన్‌గా చేసి రిటైరయ్యాను. మాది కృష్ణానది అవతల, ఆంధ్ర వైపు ఊరు. పెళ్లయ్యాక మన్సూరాబాద్‌లో ఇల్లు కట్టుకుని ఇక్కడివాళ్లమే అయిపోయాం. కొత్తగా ఈ ఉద్యోగంలో చేరే మీలాంటి పిల్లలు డైటీషియన్ అంటే తెల్లకోటు వేసుకుని కేలరీలు లెక్కపెట్టడం అనుకుంటారు. నిజానికి ఇందులో సగం పని అబద్ధాలు వినడం. "బాబు నిన్న ఏం తిన్నాడమ్మా?" అని అడిగితే ఏ తల్లీ ఉన్నదున్నట్టు చెప్పదు, మనం తిడతామని. పిల్లలు అసలే చెప్పరు. నాయనమ్మలు ఎంతో వివరంగా చెబుతారు, కాకపోతే పెట్టింది కాదు, పెడదామనుకున్నది. తాతల సంగతి నాకు ఆ రోజుదాకా తెలియదు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ లేని వారం లేదు. ప్రతి కూడలిలో ఒక టెంటు, టెంటులో ఒక మైకు. మా ఆసుపత్రిలో పిల్లల డాక్టరుగారిది నల్లగొండ వైపు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో నా డబ్బాలోని గోంగూర పచ్చడి తింటూనే, "గోంగూర మాది మేడం, మీరెత్తుకపోయిన్రు," అనేవారు.

"డబ్బా ఖాళీ చేశాక వాపసు ఇచ్చేయండి సార్," అనేదాన్ని.

వార్డు సిస్టర్ భువనగిరి దగ్గర పల్లెటూరి మనిషి, నెమ్మదస్తురాలు. మా గొడవ ముదిరితే బల్ల మధ్యలో మంచినీళ్ల జగ్గు పెట్టి, "కృష్ణా నీళ్లు, సగం మీకు, సగం మీకు. ఇగ తినుండ్రి," అని వెళ్లిపోయేది.

మా దగ్గరికి అప్పట్లో మూడో తరగతి చదివే ఒక పాప వస్తుండేది. వాళ్లిల్లు మా కాలనీకి దగ్గరే. నల్లగొండ పల్లె నుంచి వచ్చిన కుటుంబం. తండ్రి లారీ డ్రైవరు, ఇంట్లో కనిపించడమే తక్కువ. తల్లి బట్టల షాపులో పనిచేసేది. పిల్లను పెంచేది నాయనమ్మా తాతా. పాపకి మూర్ఛ ఉంది. డాక్టరుగారు మాత్రలు మొదలుపెట్టాక అది పూర్తిగా అదుపులోకి వచ్చింది. నెలల తరబడి ఒక్క ఫిట్ కూడా లేదు. హమ్మయ్య అనుకునేలోపు ఒంటి మీద దద్దుర్లు మొదలయ్యాయి.

మూర్ఛ మాత్రలు వాడే పిల్లకి దద్దుర్లు వస్తే ముందు ఆ మాత్రనే అనుమానించాలి. కొందరికి ఆ మందులు పడక చర్మమంతా పాడై ప్రాణం మీదికి వస్తుంది. అందుకని డాక్టరుగారు ఆ మాత్ర మోతాదు తగ్గిస్తూ ఇంకోటి మొదలుపెట్టారు. తగ్గిస్తుండగానే ఒక పొద్దున పాప వాకిట్లో పళ్లు తోముకుంటూ పడిపోయింది. పోయిందనుకున్న మూర్ఛ మళ్లీ వచ్చింది. దద్దుర్లు మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఇంకో చిక్కు ఏమిటంటే, ఆ దద్దుర్లను మాలో ఎవరం కళ్లారా చూడలేదు. సాయంత్రం పూట వచ్చేవి, పాపను ఆసుపత్రికి తెచ్చేసరికి గోళ్ల గీతలు తప్ప ఏమీ మిగిలేవి కావు.

"మందు దద్దుర్లు ఇట్ల వచ్చి అట్ల పోవు మేడం," అన్నారు డాక్టరుగారు. "ఏదో తిండి పడుతలేదని నా అనుమానం. కానీ అనుమానం మీద పిల్లను ఆ మాత్ర మీద ఉంచలేను గద. మీరు తేల్చండి. తేలకపోతే మంచిగ పనిచేసే మందును బంద్ చెయ్యాల్సొస్తది."

నాయనమ్మను కూర్చోబెట్టి అడిగాను. ఆవిడ చెబుతుంటే నేను కాగితం తిప్పి వెనక కూడా రాసుకోవాల్సి వచ్చింది. ఆ పిల్ల తినడానికి వీల్లేనివి ఏమిటని అడగడం కంటే, తినగలిగేవి ఏమిటని అడగడం సులువు. మూర్ఛ అని తెలిసిన రోజు నుంచీ చుట్టాలంతా తలా ఒక వస్తువు మాన్పించారు. వంకాయ దురద అని పెద్దత్త మాన్పించింది. పెరుగు చలవ అని పక్కింటావిడ. అరటిపండుతో తల బరువెక్కుతుందని ఇంకెవరో. బస్సులో పరిచయమైన ఒకావిడ, దిగేలోపు, గుడ్డు మాన్పించి దిగింది. చివరికి చెట్ల మందు ఇచ్చే ఆయన ఒకడు పథ్యం అంటూ చట్నీలు, పొడులు, పచ్చళ్లు అన్నీ ఒక్క దెబ్బకు తీసేశాడు. ఇక మిగిలింది అన్నం, చారు.

"మరి ఇంట్లో మీరంతా ఏం తింటారు?" అని అడిగాను.

"మేము గూడ గదే మేడం. పోరి ముంగట ఎట్ల తింటం? పల్లి చట్నీ నూరక ఎన్నొద్దులైందో. ఇంట్ల పల్లి గింజ లేదు. దానికేమో చిన్నప్పటి సందే ఆ చట్నీ అంటె మూతి తిప్పుడే అనుకో."

ఆ చివరి మాట నా చెవికి తగిలింది. పడని తిండిని కొందరు పిల్లలు చిన్నప్పుడే పక్కకు నెట్టేస్తారు. మనం దాన్ని పెంకితనం అంటాం. కానీ ఇంట్లో పల్లీలే లేనప్పుడు ఆ దారిన ఎంత దూరం పోగలను?

"బయటేమైనా కొనుక్కుంటుందా? బడి దగ్గర?"

"బడి ఏడున్నది మేడం, సమ్మెల? దినమంతా తాతతోని దీక్ష టెంటులనే ఉంటది. నేనే తోలుత. ఆడ అందరు ఉపాసమే. తిండి ముచ్చటే ఉండది. దీనికి గంతకన్న మంచి జాగ ఏడ దొరుకుతది?"

నేను కూడా ఒప్పుకున్నాను. ఏ తిండీ పడని పిల్లను దాచడానికి నిరాహార దీక్షా శిబిరం కంటే భద్రమైన చోటు ఈ భూమ్మీద ఉండదని నిండు మనసుతో అనుకున్నాను.

ఆ తాత ఒకప్పుడు ఆటోనగర్‌లో లారీ మెకానిక్. చేతులు పనికి సహకరించక మానేశాడు. గొంతు మాత్రం ఇంకా ఖంగుమనేది. ఎల్బీనగర్ రోడ్డు మీద మా కాలనీ మలుపులో వేసిన టెంటులో రిలే దీక్షలు జరిగేవి. పొద్దున కొందరు దండలు వేసుకుని కూర్చుంటారు, సాయంత్రం నిమ్మరసం తాగి లేస్తారు, మర్నాడు వేరేవాళ్లు. ఎవరైనా రాకపోతే ఆ ఖాళీలో తాత కూర్చునేవాడు. అలా ఆయన దాదాపు రోజూ దీక్షలోనే ఉండేవాడు. కాలనీలో ఆయనంటే గౌరవం పెరిగింది. "ఈ వయసులో అన్నం నీళ్లు మాని..." అని మా వీధి ఆడవాళ్లు చేతులు జోడించేవారు. విచిత్రంగా ఆయన కాస్త ఒళ్లు చేశాడు కూడా. అది సంకల్పబలం అనుకున్నారు.

నేనంటే ఆయనకి పడేది కాదు. ఒకసారి పాపకి తోడుగా ఆసుపత్రికి వచ్చి, నా ప్రశ్నలన్నీ విని లేచి నిలబడ్డాడు.

"నీళ్లు మీరే అంటిరి, కొలువులు మీరే అంటిరి. ఆఖరికి మా పోరి బువ్వ మీద గూడ ఆంధ్రోళ్ల పెత్తనమేనా మేడం?"

"మీ పాప బువ్వ మీద ఇప్పటికే మీ చుట్టాలందరి పెత్తనం ఉందండీ పెద్దాయనా. నేను వాళ్ల చేతుల్లోంచి విడిపించి పాపకే ఇచ్చేద్దామనుకుంటున్నాను," అన్నాను. డాక్టరుగారు నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగారు. తాత నవ్వలేదు. పాప మాత్రం నన్ను మొదటిసారి ఆసక్తిగా చూసింది.

ఆ తర్వాత ఒక బంద్ రోజు. ఆసుపత్రికి రోగులే రాలేదు. మధ్యాహ్నానికే బయలుదేరాను. బస్సుల్లేవు, ఆటోల్లేవు. కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ దాకా నడిచి, మా మలుపులో టెంటు దగ్గరికి వచ్చేసరికి కాళ్లు పట్టేశాయి. టెంటు ముందు జనం. పక్కన పోలీసు జీపు. శిబిరం నడిపే కుర్ర లెక్చరరు, జీపు ఆనుకుని నిలబడ్డ ఎస్సై ఒకరినొకరు గుడ్లురిమి చూసుకుంటున్నారు. వేదిక మీద దండలేసుకున్న వరుసలో చివర తాత. చేతిలో మైకు. అప్పుడే మాట్లాడబోతున్నాడు. ఆయన పక్కన చాప మీద పాప.

నన్ను చూసి "మేడం!" అని చెయ్యి ఊపింది. ఆ గొంతు నాకు నచ్చలేదు. బొంగురుగా ఉంది. దగ్గరికెళ్లి చూస్తే కింది పెదవి ఉబ్బి పక్కకు వాలింది. మెడ మీద, చేతుల మీద ఎర్రగా దద్దుర్లు లేస్తున్నాయి. ఇన్నాళ్లుగా దొరకని దొంగ నా కళ్ల ముందే నిలబడింది. నేను సంతోషించేలోపే పాప దగ్గింది, మళ్లీ దగ్గింది, చాప మీద వాంతి చేసుకుని వెనక్కి వాలిపోయింది.

"ఫిట్స్! పోరికి ఫిట్స్!" అని ఎవరో అరిచారు. అంతే, ఒకాయన తాళంచెవులు తెచ్చి చేతిలో పెట్టబోయాడు. ఒకావిడ ఉల్లిగడ్డ కోసం పరిగెత్తింది. ఇంకొకాయన నోట్లో నీళ్లు పోయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఇది ఫిట్ కాదు! చూడండి, కళ్లు తెరిచే ఉంది, నన్ను చూస్తోంది. ఏదో పడనిది తిన్నది. దూరం జరగండి, గాలి ఆడనివ్వండి!"

ఇలాంటప్పుడు గొంతు లోపల వాచిపోతుంది, ఊపిరి అందదు. ఒక్క ఇంజెక్షన్ కావాలి, అది ఆసుపత్రిలో ఉంది. చుట్టుపక్కల చిన్న క్లినిక్కులన్నీ షట్టర్లు దించేశాయి. డాక్టరుగారికి ఫోన్ చేశాను. "ఏం తిన్నది?" అన్నారు ముందు.

తాత వైపు తిరిగాను. "పెద్దాయనా, ఏం తిన్నది?"

"ఏం తినలే మేడం."

"తినకుండా ఇలా అవ్వదండీ. ఏం పెట్టారు?"

"దీక్షల కూసున్నం మేడం! ఈడ తినుడేంది?" అని గట్టిగా అని, జనం వైపు చూశాడు. తర్వాత పాప వైపు చూశాడు. పాప ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. మోకాళ్ల మీద నా పక్కకు వంగి, నా చెవిలో మాత్రమే పడేలా, మెల్లగా చెప్పాడు.

"పల్లిపట్టి మేడం. నేనే పెట్టిన. దినాము జరంత పెడుత. ఇయ్యాల శానా తిన్నది. నేను గూడ తిన్న."

ఆయన చేతిలో మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.

కరెంటు స్తంభాలకు కట్టిన మైకు గొట్టాలన్నీ ఆ రహస్యాన్ని రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి చెప్పేశాయి. "నేను గూడ తిన్న" అన్న మాట ఎదురుగా ఉన్న భవనానికి తగిలి మళ్లీ వచ్చింది. ఆయన పక్కన దండతో కూర్చున్న రిటైర్డు మాస్టారు మెల్లగా తన జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

లెక్చరరే ముందు తేరుకున్నాడు. ఎస్సై దగ్గరికి పరిగెత్తి, "సార్, జీపు!" అన్నాడు. పొద్దుటి నుంచి వాళ్లిద్దరి మధ్య నడిచిన మొదటి మర్యాద మాట అదే అనుకుంటాను.

"రోడ్డు నిండ మీ రాళ్లే ఉన్నయి గద," అన్నాడు ఎస్సై, అప్పటికే తాళం తిప్పుతూ.

"మేం తీస్తం సార్, మీరు నడుపుండ్రి!"

నేను వెనక సీట్లో పాపను ఒళ్లో వాల్చుకుని కూర్చున్నాను. తాత నా ఎదురుగా. కుర్రాళ్లు ముందు పరిగెత్తుతూ రాళ్లు, చెట్టు కొమ్మలు లాగేస్తున్నారు. పొద్దున వాళ్లు ఎంత శ్రద్ధగా పేర్చారో అంత శ్రద్ధగా తీశారు. ఎల్బీనగర్ దాటాం. కొత్తపేట దగ్గరికి వచ్చేసరికి ఇంకో గుంపు. వాళ్లకి మైకు వినపడలేదు. వాళ్లకి కనపడిందల్లా ఒక పోలీసు జీపు, అందులో మెళ్లో దండతో ఒక ముసలాయన.

"దీక్ష చేసే పెద్దమనిషిని అరెస్టు చేసి తీస్కపోతున్నరు!"

క్షణంలో జీపు ముందు మనుషులు బైఠాయించారు. ఎస్సై దిగి బతిమాలాడు. పోలీసు మాట ఎవరు నమ్ముతారు? నేను తల బయటపెట్టి, "బాబూ, పాపకి ప్రాణం మీదికి వచ్చిందండీ, దయచేసి దారివ్వండి," అన్నాను. నా యాస విని వాళ్ల అనుమానం రెట్టింపైంది. "మీదే ఊరు మేడం? మీరెందుకున్నరు జీపుల?" అన్నాడొకడు. నా ఒళ్లో పాప ఊపిరి ఈల వేస్తున్నట్టు వినపడుతోంది.

అప్పుడు తాత లేచాడు. జీపు వెనక మెట్టు మీద నిలబడ్డాడు. జనం "జిందాబాద్!" అన్నారు. ఆయన మెళ్లో దండ తీసి కింద పడేశాడు.

"నాకు జిందాబాద్ కొట్టకుండ్రి! నన్నెవ్వరు పట్టుకపోతలేరు. దీక్షల కూసోని బ్యానర్ ఎన్క పల్లిపట్టి తిన్నోణ్ని నేను! నా మనుమరాలికి గూడ పెట్టిన. దానికి పడలే. పాణం పోతున్నది. ఈ మేడం, ఈ సారు దాన్ని దవాఖానకు తీస్కపోతున్నరు. నన్ను తర్వాత తిట్టుండ్రి, కొట్టుండ్రి. తొవ్వ ఇడువుండ్రి బిడ్డా, మీ కాళ్లు మొక్కుత!"

ఈసారి చేతిలో మైకు లేదు, అవసరమూ పడలేదు. ఆ గొంతు చివరి వరుస దాకా వెళ్లింది. దారి విడిపోయింది. అంతటితో ఆగలేదు, ఇద్దరు కుర్రాళ్లు బైకుల మీద ముందు హారన్ కొడుతూ మమ్మల్ని దిల్‌సుఖ్‌నగర్ దాకా తీసుకెళ్లారు. అంత హోదాగా నేను డ్యూటీకి ఎన్నడూ వెళ్లలేదు.

డాక్టరుగారు గేటు దగ్గరే ఉన్నారు. సిస్టర్ చేతిలో సూది సిద్ధంగా ఉంది. తొడకి ఇంజెక్షన్ ఇచ్చారు, ఆక్సిజన్ పెట్టారు. కాసేపటికి ఈల ఆగింది. ఇంకాసేపటికి పెదవి దిగింది. పాప కళ్లు తిప్పి అందరినీ చూసి, "తాతేడి?" అంది. తాత వరండాలో గోడకు ఆనుకుని చెప్పుల పక్కనే కూర్చుని ఏడుస్తున్నాడు. ఎస్సై ఆయన పక్కన టోపీ తీసి కూర్చున్నాడు. ఏం చెయ్యాలో తెలియక టీ తెప్పించాడు.

సంగతంతా మర్నాడు తెలిసింది. మొదట ఒకరోజు తాత బ్యానర్ వెనక ఆ పల్లీ బెల్లం పట్టి నములుతుండగా పాప చూసింది.

"నాకు పెట్టకపోతే మైకుల చెప్త అన్నది మేడం," అన్నాడు తల దించుకుని. "ఏం చెయ్యాలె? పెట్టిన. ఎట్లనన్న దీనికి ఇంట్ల ఏం లేకపాయె, కడుపు నిండ తింటున్నదని మురిసిన."

పాపను అడిగాను. "తింటే నోట్లో ఏమీ అనిపించలేదా?"

"చీమలు పాకినట్టుంటది మేడం. గానీ తీపుంటది."

"మరి మాకెందుకు చెప్పలేదు?"

అదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "నాకు అన్నీ బందే గద. గిదొక్కటే నడుస్తున్నది. చెప్తె గిది గూడ బంద్ చేస్తరు."

డాక్టరుగారు పాత మాత్రను మళ్లీ పూర్తి మోతాదుకు తెచ్చారు. మూర్ఛ మళ్లీ అదుపులోకి వచ్చింది. పల్లీలు ఒక్కటే పూర్తిగా మాన్పించాం, పొరపాటున తింటే ఏం చెయ్యాలో ఇంట్లో అందరికీ నేర్పించాం. మిగిలినవన్నీ, గుడ్డు, పెరుగు, అరటిపండు, ఒక్కొక్కటే వార్డులో మా కళ్ల ముందే పెట్టి చూశాం. పాపకి అన్నీ పడ్డాయి. మొదటి గుడ్డు తింటుంటే నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. "ఇన్నొద్దులు దీని నోరు కట్టేసిన గద మేడం," అని ఒకటే గొణుగుడు.

టెంటువాళ్లు పాపను చూడటానికి వచ్చారు. తాత వాళ్లకి మొహం చూపించలేక మందుల గదిలో దూరాడు. లెక్చరరే లోపలికెళ్లి బయటికి తీసుకొచ్చాడు. "మళ్ల కూసో తాతా. ఈసారి నిజంగ," అన్నాడు. ఒకరోజు ఆయన నిజంగానే కూర్చున్నాడు. సాయంత్రం నిమ్మరసం తాగి నేరుగా మా ఇంటికి వచ్చి గడపలో చతికిలబడ్డాడు.

"మేడం, ఆకలి గింత ఘోరముంటదని నాకు ఇయ్యాలనే ఎర్కైంది. ఏమన్న ఉంటె పెట్టుండ్రి."

గోంగూర పచ్చడితో అన్నం పెట్టాను. ఈసారి బువ్వ మీద పెత్తనం మాట ఆయన ఎత్తలేదు. రెండోసారి కలుపుకున్నాడు.

పాపను ఇంటికి పంపే రోజు చెప్పకుండా ఎలా ముగిస్తాను? పొద్దున్నే మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నన్ను దగ్గరికి పిలిచి, చెవిలో పెద్ద రహస్యంలా, "మేడం, కాకరకాయ గూడ నాకు పడదని నాయనమ్మకు చెప్పుండ్రి," అంది.

"దురద వస్తుందా?"

కాసేపు ఆలోచించింది. "చీమలు పాకుతయి."

నేను నాయనమ్మ వైపు తిరిగి, వార్డు మొత్తానికి వినపడేలా, "కాకరకాయ చాలా మంచిదండీ. వారం వారం పెట్టండి," అన్నాను.

పాప నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. మంచం మీద లేచి నిలబడి, పిడికిలి ఎత్తి, తాత గొంతుతో అరిచింది.

"కాకరకాయ!"

వారాలుగా కిటికీలోంచి నినాదాలు వింటున్న వార్డు అది. సెలైన్ ఎక్కుతున్నవాళ్లు, కట్టు కట్టించుకున్నవాళ్లు, ఆ పొద్దున చేరినవాళ్లు, అందరూ ఒక్క గొంతుతో అందుకున్నారు.

"డౌన్ డౌన్!"

"డైటీషియన్ మేడం!"

"డౌన్ డౌన్!"

డాక్టరుగారు రౌండ్స్ మధ్యలో గుమ్మం దగ్గరే ఆగిపోయారు. వార్డులో నిశ్శబ్దం కాపాడాల్సిన సిస్టర్ మందుల ట్రే కింద పెట్టి, నావైపు చూడకుండా, ఒక చెయ్యి భుజం దాకా ఎత్తింది.